తోడెవరో తేలాకే తలుపు తియ్యండి

ఆటిజం ఉన్న పెద్దవాళ్లు, తమకు ఏడీహెచ్‌డీ ఉందని ముప్పయ్యేళ్లు దాటాక తెలుసుకున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఈమధ్య ఒకే ప్రశ్న పట్టుకొస్తున్నారు. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మనసు తీరును మార్చే మందుల మీద మైకేల్ పొలాన్ డాక్యుమెంటరీ చూసి అడిగేవాళ్లు కొందరు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అన్నయ్య ఫోన్లో చెబితే విని వచ్చేవాళ్లు కొందరు. "థెరపిస్టు పక్కన కూర్చుని పుట్టగొడుగుల మందు ఇస్తారట కదా, నాలాంటివాళ్లకి పనిచేస్తుందా? అందులోకి దిగితే ఏమవుతుంది?" హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపురా నుంచో, షాలిబండ నుంచో వచ్చి ఇలా అడిగేవాళ్ల గొంతులో కుతూహలం కన్నా అలసటే ఎక్కువ వినిపిస్తుంది. చిన్నప్పటి నుంచి "అందరిలా ఉండొచ్చు కదా" అన్న మాట విని విని అలిసిపోయిన మనుషులు వాళ్లు. ఆ అలసటను గౌరవిస్తూనే ఈ అధ్యాయం రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఆ పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ మూడూ మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వస్తాయి. దగ్గర పెట్టుకోవడం, కొనడం, వాడటం అన్నీ నేరాలే. రోగనిర్ధారణ కాగితం ఉందనో, పక్కన గైడ్ ఉన్నాడనో, ఊరవతల ఫామ్‌హౌస్‌లో దానికి రిట్రీట్ అని పేరు పెట్టారనో మినహాయింపు దొరకదు. విదేశాల్లో పరిస్థితి వేరు. ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుంచి, అనుమతి పొందిన సైకియాట్రిస్టులు ఘోర అనుభవాల తర్వాత వెంటాడే పీటీఎస్‌డీకి ఎండీఎంఏ, మందులకు లొంగని డిప్రెషన్‌కు సైలోసైబిన్ రాయవచ్చు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్ర ఓటర్లు 2020లో ఒప్పుకున్నాక 2023లో అక్కడ సైలోసైబిన్ కేంద్రాలు తెరుచుకున్నాయి. అదే అమెరికాలో 2024 ఆగస్టులో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఎండీఎంఏ థెరపీకి అనుమతి నిరాకరించింది. ఆటిజానికి గానీ ఏడీహెచ్‌డీకి గానీ చికిత్సగా ఈ మందులను ఎఫ్‌డీఏ ఆమోదించలేదు, ఆస్ట్రేలియా అనుమతిలోనూ ఆ రెండు పేర్లు లేవు.

ఇక పరిశోధన. మొదట చేదు చరిత్ర తెలియాలి. 1960ల్లో న్యూయార్క్‌లోని క్రీడ్‌మోర్ ఆసుపత్రిలో లారెట్టా బెండర్ అనే సైకియాట్రిస్టు, ఆటిజం ఉన్నవాళ్లుగా లెక్కగట్టిన చిన్నపిల్లలకు రోజూ ఎల్‌ఎస్‌డీ ఇచ్చి చూసింది. ఆ పిల్లల్ని మార్చాలన్నది పెద్దల కోరిక. నీకేం కావాలి అని ఆ పిల్లల్ని అడిగినవాళ్లు లేరు. అర్ధ శతాబ్దం తర్వాత, 2018లో, కాలిఫోర్నియాలో అలీషియా డాన్‌ఫోర్త్, చార్లెస్ గ్రోబ్ బృందం ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. అందులో పాల్గొన్నది 12 మంది ఆటిస్టిక్ పెద్దవాళ్లు. అక్కడ చికిత్స ఆటిజానికి కాదు, నలుగురిలోకి వెళ్లాలంటే ప్రాణం మీదికొచ్చే తీవ్రమైన బెరుకుకి. మందు తీసుకునే రోజుకి ముందే వాళ్లకు మనసును గమనించుకునే పద్ధతులు నేర్పారు. ఎండీఎంఏ, థెరపీ కలిసి అందినవాళ్లలో ఆ బెరుకు బాగా తగ్గింది, ఆరు నెలల తర్వాతా ఆ మెరుగు నిలిచింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ 12 మంది ఒక వీధి జనాభా కూడా కారు. ఏడీహెచ్‌డీ విషయంలో కబురు ఇంకా సూటిగా ఉంది. 2025లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 53 మంది పెద్దవాళ్లకు ఆరు వారాల పాటు వారానికి రెండుసార్లు చిన్న మోతాదు ఎల్‌ఎస్‌డీనో, ఉత్తుత్తి మందునో ఇచ్చారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి. ఎల్‌ఎస్‌డీ గుంపు ఉత్తుత్తి మందు గుంపును దాటలేదు. "మైక్రోడోస్ తీసుకుంటే ఏకాగ్రత కుదురుతుంది" అని మీకు వాట్సాప్‌లో పంపినవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. చట్టబద్ధంగా జరిగే చోట, ఆ గదిలో ఏం జరుగుతుంది?

ముందు రెండు మూడు సార్లు మాటల సమావేశాలు ఉంటాయి. మందు ఇచ్చే రోజు సోఫాలోనో మంచం మీదో పడుకోబెడతారు, కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు, అందులో సంగీతం. ఒకరో ఇద్దరో పక్కన కూర్చుంటారు. సైలోసైబిన్ అయితే అరగంట, గంటలో మొదలై నాలుగు నుంచి ఆరు గంటలు నడుస్తుంది. ఎల్‌ఎస్‌డీ అయితే పొద్దుటి నుంచి రాత్రి దాకా పట్టవచ్చు. రంగులు, ఆకారాలు కనబడతాయి, శబ్దానికి రంగు అంటుకుంటుంది, కాలం సాగుతుంది లేదా ఆగిపోయినట్టుంటుంది. ఏడుపు, భయం, ప్రేమ ఒకదాని వెనక ఒకటి రావచ్చు. "నేను" అన్న గీత చెరిగిపోతున్నట్టు అనిపించవచ్చు. ఈ వర్ణన మామూలు పుస్తకాల్లో దొరుకుతుంది. మీలాంటివాళ్ల కోసం వాటిలో రాయనిది ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మొదటిది గది. దాన్ని ఎవరి కోసం అమర్చారో చూడండి. ట్యూబ్‌లైట్ చేసే సన్నటి గుయ్యిమనే చప్పుడు మీకు వినిపిస్తుంది, పక్కవాళ్లకు వినిపించదు. హెడ్‌ఫోన్ చెవిని నొక్కుతుంటే మీకు ఊపిరాడదు. కంబళి ఉన్ని గుచ్చుకుంటుంది. మామూలు రోజునే అంత బరువైనవి, ఇంద్రియాల తలుపులన్నీ ఒకేసారి తెరిచే మందు లోపల ఉన్నప్పుడు ఎన్ని రెట్లు అవుతాయో మీరే ఊహించగలరు. కొందరికి ఇది తిరగబడుతుంది కూడా, ఎన్నడూ భరించలేని శబ్దం ఆ రోజు మెత్తగా తగులుతుంది. మీకు ఏది జరుగుతుందో ముందుగా చెప్పగలవాళ్లు లేరు. అందుకే వాయిద్యాలు ఏవి, వెలుగు ఎంత, దుప్పటి ఏది, ఫ్యానా ఏసీనా అన్నవి ముందు రోజే ఆ గదిలో పడుకుని తేల్చుకోవాలి. "ఒకసారి వచ్చి గది చూసుకుంటాను" అంటే ముఖం చిట్లించే గైడ్ మీకు తగినవాడు కాడు.

రెండోది మాట. ఈ రంగంలో గైడ్‌లకు అలవాటైన సలహా ఒకటుంది: నమ్ము, వదిలెయ్, తెరుచుకో. మాటను మాటగానే అర్థం చేసుకునే మనసుకు ఇది పజిల్ అవుతుంది. దేన్ని వదలాలి? చేతిలో ఉన్న దుప్పటినా, ఊపిరినా? భయంలో ఉన్నప్పుడు అర్థంకాని మాట మరింత భయపెడుతుంది. మీకు కావలసింది ఇలాంటి మాట: "బాత్రూమ్‌కి వెళ్లాలంటే చెయ్యి ఎత్తు, నేను లేపి తీసుకెళ్తాను." "ఇప్పుడు టైమ్ రెండున్నర. మందు ప్రభావం తగ్గడం మొదలవుతోంది." "ఇప్పుడు నీకు జరుగుతున్నది మందు వల్ల, ఇది పోతుంది." తెలుగో, దక్కనీ ఉర్దూనో, కలలో మీరు ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలోనే గైడ్ ఈ మాటలు చెప్పగలగాలి. అలాగే "ఎలా అనిపిస్తోంది?" అని అడిగితే ఆటిజం ఉన్న చాలామందికి జవాబు దొరకదు. లోపల పెద్ద అల ఉంటుంది, దాని పేరేమిటో తెలియదు. "ఒంట్లో ఎక్కడ బిగుతుగా ఉంది? ఛాతీలోనా, దవడలోనా?" అని అడిగితే చెప్పగలరు. మాట పూర్తిగా ఆగిపోవచ్చు కూడా. కాబట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీటీలు మూడు చేతికందేలా పెట్టమనండి. ఎరుపు చూపిస్తే సంగీతం ఆగాలి, మనుషులు మాట్లాడటం ఆపాలి.

మూడోది ఒంటి కదలిక. ఊగడం, వేళ్లు ఆడించడం, ఒకే మాట పదేపదే అనుకోవడం మీకు ఊరట. తెలియని గైడ్‌కి అది కష్టంలా కనిపిస్తుంది, వచ్చి పట్టుకుంటాడు. ఆ పట్టుకోవడంతోనే అసలు కష్టం మొదలవుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు మందు ఎక్కే మొదటి గంట మరీ కష్టం, కదలకుండా పడుకోమంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. లేచి గదిలో నడవవచ్చన్న మాట ముందే తీసుకోండి.

నాలుగోదాన్ని చాలామంది ఊహించరు. ఏళ్లుగా మీరు నలుగురిలో వేసుకు తిరుగుతున్న ముసుగు ఆ రోజు జారిపోవచ్చు. కళ్లల్లోకి చూడటం, సమయానికి నవ్వడం, చేతులు కట్టేసుకోవడం వంటి అలవాట్లన్నీ కొన్ని గంటలు పోతాయి. హాయిగా ఉంటుంది. మర్నాడు అది దుఃఖంగా మారవచ్చు: ఇన్నేళ్లు ఎవరి కోసం ఇలా బతికాను అని. ఆ దుఃఖం కోసం ముందే మనిషిని, సమయాన్ని కేటాయించి ఉంచుకోవాలి. ఆ వారంలో ఉద్యోగం మానేస్తాను, పెళ్లి రద్దు చేసుకుంటాను అన్న నిర్ణయాలు తీసుకోకండి, నెల ఆగండి. మందు ప్రభావంలో పుట్టిన ఆలోచన దేవుడే చెప్పినంత నిజంగా తోస్తుంది. అప్పుడు పక్కనున్న మనిషి ఏం చెబితే అది మనసులో నాటుకుపోతుంది.

అందుకే తోడు ఎవరన్నది మందు ఏదన్నదానికన్నా పెద్ద ప్రశ్న అని నా గట్టి నమ్మకం. ఈ విషయంలో పాతబస్తీకి తనదైన అనుభవం ఉంది. ఆషాఢంలో లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి బోనాలకు వెళ్లినవాళ్లు పూనకం చూసే ఉంటారు. డప్పు దరువు మారుతుంది, మైసాక్షి పొగ కమ్ముతుంది, బోనమెత్తిన ఒక ఆడమనిషి కళ్లు తేలేస్తుంది. వెంటనే చుట్టూ ఏం జరుగుతుందో గమనించండి. వెనక ఒకామె నిలబడి నడుం దగ్గర చేతులు సిద్ధంగా పెడుతుంది, పట్టుకోదు. ఇంకొకామె నెత్తి మీది బోనం అందుకుంటుంది. కుర్రాళ్లు చేతులు కలిపి దారి చేస్తారు. వేపాకులు వేసిన పసుపు నీళ్లు సాక పోస్తారు. "ఏం చూశావు, ఎందుకు ఏడుస్తున్నావు" అని అప్పుడే ఆరా తీసేవాళ్లు ఉండరు. దిగాక అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, కొంగు సర్ది, ఇంటిదాకా నడిపిస్తారు. పూనకమూ మందు మత్తూ ఒకటని నేననను, భక్తుల నమ్మకం వాళ్లది. తూలిపోతున్న మనిషి చుట్టూ ఎలా ఉండాలో మాత్రం ఆ ఆడవాళ్లకు చాలామంది సర్టిఫికెట్ గైడ్‌లకన్నా బాగా తెలుసు. అదే వీధి, అవే డప్పులు, శబ్దం పడని ఆటిస్టిక్ పిల్లవాడికి నరకం. ఒకరికి తలుపు తెరిచే చోటు ఇంకొకరిని చితకగొడుతుంది. మీ చోటు మీరు వేరుగా కట్టుకోవలసిందే.

తోడు చెడ్డదైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. కెనడాలో జరిగిన ఎండీఎంఏ పరీక్షలో ఇద్దరు థెరపిస్టులు రోగి విషయంలో హద్దు మీరారని దాన్ని నడిపిన సంస్థే 2019లో బహిరంగంగా ఒప్పుకుంది. అంత పర్యవేక్షణ ఉన్న చోటే అలా జరిగితే, తలుపులు మూసిన ఫామ్‌హౌస్‌లో ఏం రక్షణ? ఎదుటివాళ్ల ఉద్దేశం కనిపెట్టడం కష్టమైనవాళ్లకు, చిన్నప్పటి నుంచి "చెప్పినట్టు విను" అని పెరిగినవాళ్లకు ఈ ముప్పు రెట్టింపు. ఎక్కడ తాకవచ్చు, ఎక్కడ తాకకూడదు అన్నది మందుకు ముందు కాగితం మీద ఉండాలి. మందు లోపల ఉండగా కొత్తగా ఒప్పుకున్నది ఒప్పుకోలు కిందికి రాదు. ఆడపిల్ల అయితే గదిలో ఇంకొక ఆడమనిషి ఉండటం షరతు కావాలి.

మన దగ్గర చట్టబద్ధంగా ఈ చికిత్సకు దగ్గరగా ఉన్నది ఒక్కటే, కెటమిన్. ఆపరేషన్లకు ఇచ్చే మత్తుమందుగా 1970 నుంచి వాడుకలో ఉన్న మందు. మన దేశంలో షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది, అంటే కఠినమైన నియంత్రణలో డాక్టరు ద్వారా మాత్రమే అందుతుంది. మందులకు లొంగని డిప్రెషన్‌కు తక్కువ మోతాదులో, కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల లెక్కన సుమారు 40 నిమిషాల పాటు సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. ఒంటి నుంచి విడిపోయి గాల్లో తేలుతున్నట్టు, గొంతులు దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. బీపీ పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. ఒకటి రెండు గంటల్లో దిగుతుంది, ఆ రోజు బండి నడపకూడదు. తరచూ వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది. ఇదీ డిప్రెషన్‌కే, ఆటిజానికో ఏడీహెచ్‌డీకో కాదు. గుండె, ఊపిరి చూసే పరికరాలు, అత్యవసరానికి మత్తు డాక్టరు లేని చోట దీని జోలికి పోవద్దు. నటుడు మాథ్యూ పెర్రీ 2023లో చనిపోవడానికి ప్రధాన కారణం కెటమిన్ ప్రభావమేనని వైద్య పరీక్షాధికారి తేల్చారు. ఇంట్లో, డాక్టర్ల కన్ను లేనిచోట తీసుకున్న మందు అది.

ఊపిరి మాట వచ్చింది కాబట్టి మన ఊరి కథ ఒకటి చెప్పాలి. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ క్లోరోఫారం ఇవ్వడం నేర్పేవాడు. నాడి చూడనక్కర్లేదు, ఊపిరి మీదే కన్ను ఉంచండి అనేది అతని పాఠం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకోగా 1888లో, 1889లో రెండు క్లోరోఫారం కమిషన్లు హైదరాబాద్‌లో కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ చెప్పిందే నిజమని తేల్చారు: ముందు ఊపిరి ఆగుతుంది, గుండె తర్వాతే. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూంజీ ఇక్కడ క్లోరోఫారం ఇవ్వడం నేర్చుకుంది, ఆమెను ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకుంటారు. ఇంత ఘనమైన తీర్పు నిలవలేదు. క్లోరోఫారం మత్తు పల్చగా ఉన్నప్పుడు గుండే ముందు ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. కన్ను తిప్పకుండా మనిషిని కనిపెట్టుకుని ఉండాలన్న లారీ పాఠం నేటికీ నిలిచే ఉంది. తనకు అంతా తెలిసిపోయిందన్న అతని ధీమా ప్రాణాంతకం. సైకెడెలిక్‌లనే ఈ మందుల గురించి నేడు అంతే ధీమాగా మాట్లాడేవాళ్లను మీరు కలుస్తారు. "ఇది సురక్షితం, నీ ఆటిజం కరిగిపోతుంది" అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

ఇక ఎవరు అసలే దిగకూడదో వినండి. తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్నవాళ్లు. ఫిట్స్ ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లలో ఫిట్స్ మామూలు కన్నా ఎక్కువని గుర్తుంచుకోండి. లిథియం వాడుతుంటే సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీలతో ఫిట్స్ వచ్చిన దాఖలాలున్నాయి. ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ వేసుకునేవాళ్లకు ఎండీఎంఏతో గుండె వేగం, బీపీ మరింత ఎగబాకుతాయి. డిప్రెషన్ మాత్రలు కొన్ని వీటి ప్రభావాన్ని తగ్గిస్తాయి, దాంతో "పనిచేయడం లేదు" అని మోతాదు పెంచుకునే ప్రమాదం ఉంది. ఇది చదివి మీ మాత్రలు మీరే ఆపేయకండి. డాక్టరును అడక్కుండా ఆపడం ఈ మందులన్నిటికన్నా ముందొచ్చే ప్రమాదం.

మీరు మెల్‌బోర్న్‌లో ఉన్నా మొఘల్‌పురాలో ఉన్నా, ఈ మందుల జోలికి ఎన్నడూ పోకపోయినా, ఒక పని మాత్రం ఈ వారమే చేయమని అడుగుతున్నాను. ఒక కాగితం తీసుకుని మీ గురించి రాయండి. "నేను ఊగుతుంటే ఆపకండి. ఊగడం ఆగిపోయి బిగుసుకుపోతేనే దగ్గరికి రండి. నాతో మాట్లాడేటప్పుడు ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. తెల్ల లైటు ఆర్పండి. భుజం మీద చెయ్యి వేయకండి, అరచేతిలో చెయ్యి పెట్టవచ్చు. మాట ఆగిపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఈ కాగితం అపెండిక్స్ ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుకు పనికొస్తుంది, పన్ను పీకే డాక్టరుకు, కెటమిన్ ఎక్కించే నర్సుకు, బోనాల రద్దీలో తప్పిపోతే దొరికిన కానిస్టేబుల్‌కు పనికొస్తుంది. మానసిక చికిత్స ఎలా జరగాలో, ఎలా జరగకూడదో ముందుగానే రాసిపెట్టే హక్కు, మీ తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ఎవరితో మాట్లాడాలో తెలియని రాత్రి 14416కి, టెలి మానస్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. రాసిన కాగితానికి రెండు నకళ్లు తీసి, ఒకటి ఇంట్లో మీరు నమ్మే మనిషికి ఇవ్వండి, ఇంకొకటి మీ డాక్టరు ఫైల్లో పెట్టించండి.